ఆకుపచ్చ చీరావిడ పళ్ళు

మొన్న మా డెంటల్ కాలేజీవాళ్ళు ఏదో ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి స్టేజీ మీద కూర్చోకుండా, అలవాటు చొప్పున ల్యాబులోకి దూరాను. నేను మైనం కాచుకున్న స్టవ్వు ఉన్నచోట ఇప్పుడు కంప్యూటర్ ఉంది. ఒక అమ్మాయి మౌస్ పట్టుకుని తెర మీద పళ్ళను అటూ ఇటూ జరుపుతోంది. ఏం చేస్తున్నావమ్మా అంటే, పేషెంటు నవ్వు డిజైన్ చేస్తున్నానంది. పక్కనే పేషెంటు పాత ఫొటో ఉంది. ఆ ఫొటోలో ఉన్నది ఆ పేషెంటేనా, అడిగావా అన్నాను. ఆ అమ్మాయి నా వంక జాలిగా చూసి, అవును సార్ అంది. పెద్దాయనకి చాదస్తం మొదలైందనుకుని ఉంటుంది.

చాదస్తం కాదు, దెబ్బతిన్నవాడి జాగ్రత్త. మీరంతా చదువుకున్న పిల్లలు, నాకంటే మంచి మిషన్ల మీద పనిచేస్తున్నారు. కానీ ఆ మిషన్లు అడగని ప్రశ్న ఒకటుంది. దాని సంగతి చెప్పి మీ దారిన మిమ్మల్ని వదిలేస్తాను.

నేను పళ్ళు కట్టేవాణ్ణి. సర్టిఫికెట్‌లో డెంటల్ టెక్నీషియన్ అని ఉంటుంది. సంగారెడ్డి బస్సులో పక్క సీటాయన ఏం పనిచేస్తారని అడిగినప్పుడు అలా చెబితే, దిగేదాకా ఆయన పుచ్చుపన్ను చూడాల్సి వస్తుంది. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే, ఆ అచ్చు మీద మైనంలో పళ్ళు నిలబెట్టి, వాళ్ళు సరేనన్నాక గట్టి సెట్టుగా మార్చేది మేము. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి, పటాన్‌చెరు పక్కన క్వార్టర్స్‌లో కాపురం పెట్టాడు. ఫౌండ్రీలో అచ్చులు పోసేవాడు. నేను నోటి అచ్చులు పోశాను. మా ఇంట్లో వృత్తి మారలేదు, సైజు తగ్గిందంతే.

పని మీద నాకు గర్వం కాస్త ఎక్కువే. స్కేలు పెట్టి గీసినట్టు తెల్లగా పళ్ళు పేర్చడం నాకు గిట్టదు. దేవుడు ఎవరికీ అంత శ్రద్ధగా పెట్టలేదు. నేను ఒక పన్నును కొద్దిగా తిప్పేవాణ్ణి, ఒకదాన్ని ముందుకు తెచ్చేవాణ్ణి. కట్టుడు పళ్ళని ఎవరూ కనిపెట్టకూడదు. అందుకే పేషెంట్ల పాత ఫొటోలు తెప్పించుకునేవాణ్ణి. ఆ ఫొటోలు చూసే కొద్దీ నేను టెక్నీషియన్ని కాదు, శిల్పినని నాకు అనుమానం వస్తూ ఉండేది.

అప్పట్లో మా కాలేజీలో పీజీ చేస్తున్న డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల, మంచి పట్టుదల ఉన్నది. పళ్ళు పూర్తిగా ఊడిపోయిన పెద్దవాళ్ళకు ఉచితంగా పళ్ళు కట్టించి, దానివల్ల మొహం ఎంత అందంగా మారింది, బతుకు ఎంత బాగుపడింది అని కొలవాలి. మొహానికి ముందూ వెనకా ఫొటోలు తీసి కొంతమంది చేత మార్కులు వేయిస్తారు. బతుక్కి ప్రశ్నలు అడుగుతారు. కొండాపూర్ మండలం ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళను కాలేజీ బస్సులో తీసుకొచ్చేవాళ్ళం.

ప్రశ్నలు ఇంగ్లీషు నుంచి ఎవరో పండితుడి చేత రాయించారు. "దంతముల కారణమున సామాజిక సమావేశములందు మీరు అసౌకర్యమునకు లోనైనారా?" అని డాక్టరమ్మ చదివితే, ఒక తాత తాను ఏ పార్టీ మీటింగుకీ పోనని చేతులు జోడించాడు. భోజనం విషయంలో ఇబ్బంది పడుతున్నారా అంటే ఇంకో ఆయన కోడలి వంట గురించి చాలాసేపు చెప్పాడు. డాక్టరమ్మ 'ఎల్లప్పుడూ' అని టిక్కు పెట్టుకుంది. చివరికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె చదవాలి, నేను మనుషుల మాటలో చెప్పాలి.

అలా వచ్చిందే పెద్దమ్మ. ఊళ్ళో అందరికీ పెద్దమ్మే కాబట్టి మాకూ పెద్దమ్మ అయింది. బొద్దుగా, పెద్ద బొట్టుతో, కూర్చుంటే కుర్చీ ఆమెది అన్నట్టు కూర్చునేది. నోట్లో ఒక్క పన్ను లేదు. నలుగురిలో నవ్వాలంటే సిగ్గేస్తుందా పెద్దమ్మా అని అడిగాను.

"నవ్వనీకి సిగ్గేంది బిడ్డా. నలుగురిని నవ్వించేదే నేను. నాకు పాట గావాలె" అంది.

ఆ కాగితంలో పాట గురించి ప్రశ్న లేదు. అయినా ఆమె చెప్పింది, మేం విన్నాం. ఊళ్ళో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమె. ఆమె ఒక వరస పాడితే చుట్టూ తిరిగే ఆడవాళ్ళంతా అందుకునేవాళ్ళు. ఆమె అత్త తర్వాత ఆమెకొచ్చిన పెద్దరికం అది. పళ్ళు ఊడాక మాటల్లో గాలి పోవడం మొదలైంది. పోయిన పండక్కి పాట నడుమ ఆమె తడబడితే, ఊరంతా చిన్నమ్మ అని పిలిచే ఆమె తోడికోడలు ఠక్కున అందుకుని చివరిదాకా పాడేసింది. మా యారాలు పాట గుంజుకున్నది అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్క ఇళ్ళు కాబట్టి తిట్టుకోవాలంటే కోళ్ళను తిట్టేవాళ్ళు.

"పండుగ నాటికి పండ్లు గట్టు సారూ. మళ్ళ నేను పాట ఎత్తుకోకపోతే ఆడికే పోను. ఇంట్లనే కూసుంట" అంది. ఆమె అడిగిన తీరు చూసి, నా సర్వీసులోకెల్లా మంచి పళ్ళు ఈమెకే కట్టాలని నిర్ణయించుకున్నాను. మనిషి అలాంటి నిర్ణయాలు తీసుకున్నప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

ఫొటో కావాలన్నాను. ఆమె కొడుకు గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నైట్ డ్యూటీ దిగి, నిలబడే నిద్రపోతూ, ఒక రంగు వెలిసిన ఫొటో తెచ్చిచ్చాడు. బతుకమ్మల ముందు ఇంటి ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డ ఫొటో. నడుమ ఉన్నది, ఆకుపచ్చ చీర, మా అమ్మ అని వేలు ఆ వైపు ఊపి వెళ్ళిపోయాడు.

నడుమ ఇద్దరున్నారు. ఇద్దరివీ ఆకుపచ్చ చీరలే. ఒకావిడ కొంగుతో మూతి కప్పుకుంది. రెండో ఆవిడ హాయిగా నవ్వుతోంది. పై వరసలో ముందు రెండు పళ్ళ మధ్య చిన్న సందు, ఎడమవైపు కోరపన్ను కాస్త ముందుకి. ఎంత చక్కటి నవ్వంటే, దాన్ని చూశాక నాకు వేరే ఆలోచన రాలేదు. పళ్ళ కోసం ఫొటో అడిగితే పళ్ళు కనిపించే ఫొటోయే కదా ఇస్తారు! డాక్టరమ్మకు చూపిస్తే ఆమెకూ అలాగే తోచింది. మొహాలు ఆ ఫొటోలో అందరివీ ఒకేలా ఉన్నాయి. పసుపు, బొట్టు, ఎండకు చికిలించిన కళ్ళు.

ఆ సందును మైనంలో ఎంత శ్రద్ధగా తెచ్చానో మీకు చెప్పలేను. ట్రయల్ చూసేరోజు డాక్టరమ్మ అద్దం ఇస్తే, పెద్దమ్మ దాన్ని పట్టించుకోలేదు. కళ్ళకు శుక్లాలు, అద్దంలో ఏమీ ఆనదు. ఆమెకు కావలసింది వేరు. గొంతు సవరించుకుని పాట ఎత్తింది. మైనం పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. ఇవి కొలత పళ్ళు, గట్టివి బిగిసి కూర్చుంటాయని సర్దిచెప్పి పంపించాం.

గట్టి పళ్ళు పెట్టి ఫొటో తీశాక, మార్కులు వేసేవాళ్ళను కూర్చోబెట్టారు. ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక డ్రాయింగ్ టీచరు, క్యాంటీన్ వంటావిడ, కాలేజీ బస్సు డ్రైవరు. డ్రైవరు దయగలవాడు, అందరినీ పాస్ చేశాడు. ఎవరు ఎలా వేసినా పెద్దమ్మ ఫొటోకే అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. సహజంగా ఉందన్నారు. మా ప్రొఫెసర్ నా భుజం తట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడను కూడా ఒకసారి నవ్వమన్నాను, పళ్ళ వరస చూద్దామని. ఆవిడ నవ్వలేదు.

కొన్నాళ్ళకు రెండోసారి ప్రశ్నలు అడగాల్సిన సమయం వచ్చింది. పళ్ళు లేనప్పుడు పెద్దమ్మ అన్నిటికీ ఇబ్బంది లేదని చెప్పింది. ఇప్పుడు అన్నిటికీ ఉందంది. నవ్వుతున్నారా, లేదు. బయటికి పోతున్నారా, లేదు. పళ్ళు పెట్టుకుంటున్నారా, లేదు. ఎందుకు పెద్దమ్మా అంటే మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. డాక్టరమ్మ ఏడుపు మొహంతో ల్యాబుకొచ్చింది. అందంలో ఫస్టు, బతుకులో లాస్టు. ప్రొఫెసర్ చూసి, ఆ ఒక్క కేసు తీసెయ్యమ్మా, గ్రాఫు చక్కబడుతుంది అన్నాడు.

"ఆమెను తీసేస్తే ఆమె పళ్ళు కూడా వెనక్కి తీసుకుందామా సార్?" అంది డాక్టరమ్మ. ప్రొఫెసర్ టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

దసరా సెలవులకు ల్యాబు మూసేరోజు, మధ్యాహ్నం, పెద్దమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మూత తీసి నా బల్ల మీద పెట్టింది. లోపల నా శిల్పం.

"ఎవలియ్యి ఇవి?" అనడిగింది.

మీవే అన్నాను. కావంది. అప్పుడు చెప్పింది సంగతి. పళ్ళు పెట్టుకుని ఇంటికి పోయిన రోజే వాకిట్లో నిలబడి ఎదురింటామెను చూసి నవ్విందట. ఆమె చేతిలో చాట పడేసి, చిన్నమ్మ నవ్వు నీ మొఖంలకెట్ల వచ్చింది అందట. సాయంత్రానికి ఊరంతా చూడ్డానికి వచ్చారు. నవ్వమని అడిగేవాళ్ళు, నవ్వితే విరగబడేవాళ్ళు. యారాలు కూడా గోడ మీంచి తొంగిచూసి, ఏమీ అనకుండా లోపలికి పోయిందట. ఆమె ఏమీ అనకపోవడమే పెద్దమ్మను ఎక్కువ కాల్చింది.

సొరుగులోంచి ఫొటో తీశాను. పెద్దమ్మ దాన్ని కళ్ళకు ఆనించుకుని చూసి వేలు పెట్టింది. "మూతి మూసుకున్నది నేను. గీ పక్కన పండ్లన్ని ఎండబెట్టుకున్నది నా యారాలు."

ఎందుకు మూసుకున్నావు పెద్దమ్మా అన్నాను, ఏడవలేక. ఫొటో తీసేవాడి పక్కన మామ నిలబడి ఉన్నాడట. మామ ముందర కోడలి పళ్ళు కనపడొచ్చా అని నన్నే అడిగింది. మరి ఆవిడ కూడా కోడలే కదా అన్నాను. "అది ఎవలకు భయపడ్డది?" అంది పెద్దమ్మ. కొడుకు మాత్రం తన తప్పు లేదన్నాడు. వాళ్ళ నాయనమ్మ గొడవలు రాకుండా కోడళ్ళిద్దరికీ ఎప్పుడూ ఒకే తానులో చీరలు తెచ్చేదట. ఆకుపచ్చ చీర అన్నాను, ఆకుపచ్చ చీరే కదా అన్నాడు.

మార్చాలంటే ముందువరస పళ్ళన్నీ కోసి మళ్ళీ పెట్టాలి. రేపటి నుంచి సెలవులు. సందు పెంచమంటే అరగదీసి పెంచగలను గానీ, పూడ్చడం అప్పటికప్పుడు నా చేతిలో లేదు. పండగ అయ్యాక కొత్తవి కట్టిస్తానన్నాను. పండగ అయ్యాక పండ్లు నాకెందుకంది. సరే, కనీసం పాటకు పనికొస్తాయో లేదో చూడమన్నాను. పెద్దమ్మ చిరాగ్గా పళ్ళు పెట్టుకుని, నిలబడి, పాట ఎత్తింది.

నేను చాలా పళ్ళు కట్టాను గానీ, వాటిలోంచి పాట రావడం అదే మొదటిసారి వినడం. ఒక్కో మాటా నాణెంలా మోగింది. గాలి పోలేదు, పళ్ళు కదల్లేదు. పక్క గదుల్లోంచి స్టూడెంట్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. డాక్టరమ్మ చెంపలు తడిశాయి. నా సంగతి అడక్కండి. పాట ఆపి పెద్దమ్మ కూడా ఆశ్చర్యపోయింది. తర్వాత కూర్చుని, నెమ్మదిగా అంది.

"పాట నాది, మూతి దానిది. నేను పాడితే ఊరు ఎవల పాట అంటది సారూ?"

పండక్కి నేనూ డాక్టరమ్మా ఆ ఊరు వెళ్ళాం. పెద్దమ్మ కేసు తియ్యనని మొండికేసిన డాక్టరమ్మ, వెళ్ళి చూడాల్సిందే అంది. నేను నేరం జరిగిన చోటికి దొంగ వెళ్ళినట్టు వెళ్ళాను. పంచాయతీ ఆఫీసు ముందు ఖాళీ జాగాలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు పెట్టారు. ఒక పక్క ఇంటి కప్పంత డీజే బాక్సులు. వాటి దగ్గర కుర్రాళ్ళు స్విచ్చి మీద చెయ్యేసి కూర్చున్నారు. ఆ ఊళ్ళో మొదటి పాట నోటితోనే పాడాలి, తర్వాతే డీజే. ఆ మొదటి పాట తెగిపోతే డీజే మొదలవుతుంది, ఇక ఎవరి పెద్దరికమూ దానికి వినపడదు.

యారాల్ని నేను వెంటనే గుర్తుపట్టాను. అంత సేపు ఆమె పళ్ళతో గడిపాను మరి. సన్నగా, చురుగ్గా ఉంది. ఎవరితోనో మాట్లాడుతోంది, నవ్వొచ్చినప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. మామకే భయపడని మనిషి ఇప్పుడెవరికి దాస్తోందా అనుకున్నాను.

పెద్దమ్మ వచ్చింది. కొంగు మూతి మీదుగా కప్పుకుని, చివర చేత్తో బిగించి పట్టుకుంది. అచ్చం ఫొటోలోలాగే. నా పనంతా గుడ్డ కింద పోయిందని ఏడుపొచ్చింది. వలయం కట్టారు. పెద్దమ్మ పాట ఎత్తుకుంది. గుడ్డలోంచి పాట కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. ఇటువైపు వాళ్ళు ఒక మాట అందుకున్నారు, అటువైపు వాళ్ళు ఇంకోటి. చప్పట్లు తప్పాయి, అడుగులు తప్పాయి. ఒకావిడ ముందున్నావిడ కాలు తొక్కింది. డీజే కుర్రాడు లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వలయంలో ఎదురుగా ఉన్న యారాలు చప్పట్లు ఆపేసింది. ఒక్కొక్కరే ఆగిపోయారు. మళ్ళీ పాట గుంజుకుంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

"అక్కా, కొంగు తియ్యి" అంది. "నా పండ్లు పెట్టుకొని నాకే దాస్తవా?"

అన్నాళ్ళుగా కోళ్ళతో తప్ప మాట్లాడుకోని మనుషులు వాళ్ళు. పెద్దమ్మ భుజాలు కదిలాయి. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. కొంగు జారిపోయింది. అటు యారాలు కూడా చెయ్యి తీసేసి నవ్వింది. వలయానికి ఆ చివర ఒక నవ్వు, ఈ చివర అదే నవ్వు. ఊరంతా కడుపులు పట్టుకుంది, డీజే కుర్రాడు కూడా. యారాలి చిగుళ్ళు వాచి ఉండడం, ముందు పళ్ళు కదులుతుండడం నాకు అప్పుడు కనిపించింది. ఆమె చెయ్యెందుకు అడ్డం పెట్టుకుంటోందో తెలిసింది.

పెద్దమ్మ మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకుంది. మొదట అందుకున్నది యారాలు. ఆ పాట చీకటి పడేదాకా సాగింది, డీజే వాళ్ళు కిరాయి దండగైందని గొణుక్కున్నారు. నాకు జీవితంలో అంత సంతోషం వేసిన రోజులు కొన్నే ఉన్నాయి.

పూలు నీళ్ళలో కలిపి వచ్చాక డాక్టరమ్మ కాగితం తీసింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇయ్యాల గవన్ని అడుగకు బిడ్డా. పాడిన. గది రాస్కో." డాక్టరమ్మ నిజంగానే అది రాసుకుంది. ఆమె పరిశోధనను పరీక్షించడానికి బయటి కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు మాట్లాడింది ఆ మాట గురించేనట. ఆ కేసు తీసెయ్యొద్దని తానే చెప్పానని మా ప్రొఫెసర్ తర్వాత చాలామందికి చెప్పాడు. సెలవులయ్యాక కొత్త పళ్ళు కడతానని నేను కబురు పెడితే, ఎందుకు సారూ, ఊరు అలవాటు పడ్డది అని జవాబొచ్చింది.

నేను రిటైరయ్యే ముందు ఒకరోజు యారాలు కాలేజీకొచ్చింది. పళ్ళన్నీ ఊడిపోయాయి. కొలతలయ్యాక డాక్టరు నా దగ్గరికి పంపాడు. ఈసారి జాగ్రత్తపడ్డాను. ఫొటో తెచ్చావా అమ్మా, నీదేనా, కొంగు ఎవరిది, చీర ఎవరిది అని వరసగా అడిగాను.

ఫొటో ఎందుకంది. తలుపు వైపు తిరిగి, అక్కా, నువ్వు రా అని కేకేసింది. బయట బెంచీ మీద కూర్చున్న పెద్దమ్మ వచ్చి, కుర్చీలో తన తీరుగా కూర్చుంది. నోట్లోంచి పళ్ళు తీసి, కొంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టింది.

"ఇవి దానియే సారూ. సూసుకొని దానికి గట్టు" అంది. యారాలు పక్కనే నిలబడి తలూపింది. నేను బల్ల దాకా వెళ్ళేసరికి పెద్దమ్మ మళ్ళీ పిలిచింది.

"జెర పండుగలోపు నాయి నాకియ్యి."